ఎండుమట్టి పొర

వాగు మీద కడుతున్న చిన్న మట్టికట్టకి, రోలరు చేరని అంచుల్లో దిమ్మిస కొట్టి మట్టిని గట్టిపరిచేది ఆవిడే. అందుకే అందరూ దిమ్మిసత్త అనేవారు. కిందటి వరద ఆవిడ ఇంటిగోడలు మింగేసింది. అప్పటినుంచీ ప్రతి పొరలోంచీ పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికేది. ముద్ద నిలిస్తేనే పైపొర పడాలనేది. సంతకాలు పెట్టే ఇంజనీరు మాత్రం చెప్పులకు మట్టి అంటకుండా వచ్చిపోయేవాడు.

ఒకరోజు జ్వరంతో ఆవిడ పనికి రాలేదు. మర్నాడు వచ్చి పిసికితే మట్టి వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలింది. రోలరు నడిపేది సొంత అల్లుడే.

"నిన్న తడిపారా అల్లుడూ?"

"నీళ్ల ట్యాంకరు రాలేదత్తయ్యా. అయినా రోలరు నాలుగుసార్లు తిప్పాను."

"నలభైసార్లు తిప్పినా ఎండుమట్టి అతుక్కోదు. వరదనీళ్లు అందులోంచే దారి చేసుకుంటాయి. తీసెయ్యాలి."

"వానలు నెత్తిమీదున్నాయి. ఒక్క పొరకి ఇంత రాద్ధాంతమా? నలుగురిలో నా పరువు తీస్తున్నారు."

"నీ పరువు సంగతి తర్వాత చూద్దాం. కట్ట దిగువ ఊళ్లో నీ పెళ్లాం పిల్లలు కూడా ఉన్నారు."

కూలీలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నీరసంగా ఉన్నా పార అందుకుని తవ్వడం మొదలుపెట్టింది. గంటసేపు ఒక్కతే తవ్వింది. అల్లుడు రోలరు మీద మొహం ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి ఇంకో పార పట్టుకుని వచ్చాడు.

"జరగండత్తయ్యా, మీరిలా గీకుతుంటే ఏడాది పడుతుంది."

"గొణిగితే గొణుగు. కింది పొర తగిలేదాకా తవ్వు," అంది ఆవిడ, తన పార వదలకుండానే.