ఇంజను చప్పుడు విని పోసిన బియ్యం

మా ఆయన కారు ఆరేళ్లు పాకలోనే నిలబడి ఉంది. పాత డీజిల్ అంబాసిడర్. ఆఖరిసారి ఆయన ఎక్కడ ఆపి దిగారో అక్కడే. అమ్మమని అడిగినవాళ్లున్నారు. పాత ఇనుము కింద తూకానికి అడిగినవాణ్ణి గేటు దాటనివ్వలేదు. నేను ఏ వస్తువునీ ఊరికే కూర్చోబెట్టే మనిషిని కాదు. నా చీర చిరిగితే బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. ఏ పనీ చేయకుండా నా ఇంట్లో ఆరేళ్లు ఉన్నది ఆ కారు ఒక్కటే. ఎందుకు ఉంచానో ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంజను మళ్లీ మోగితే ఒక్కసారి వినాలని ఉంచాను.

దివిసీమలో మా ఊరికి రావాలంటే కాలవ లాకులు దాటి గట్టెక్కాలి. ఆయన కారు అద్దెకి తిప్పేవారు. నొప్పులొచ్చినవాళ్లని బందరు ఆసుపత్రికి, పెళ్లివారిని గుడివాడకి, క్రిస్మస్ నెల వస్తే పాస్టరు గారిని ఊరూరికీ తీసుకెళ్లేవారు. ఏ వేళకి తిరిగొస్తారో ఆయనకే తెలియదు. ముందే వండితే అన్నం చల్లారిపోతుంది, మళ్లీ వెచ్చబెడితే పుల్లలు దండగ. అందుకని ఎసరు కాగాక పుల్లలు వెనక్కి లాగి కూర్చునేదాన్ని. లాకుల దగ్గర ఇంజను వినపడగానే పుల్లలు ముందుకి తోసి బియ్యం పోసేదాన్ని. గట్టు మీద గతుకులన్నీ దాటి, కారు పాకలో పెట్టి, ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేసరికి నేను గంజి వారుస్తూ ఉండేదాన్ని. కావాలని అడిగి తిన్న చద్దన్నం తప్ప, ఆయన నా చేతి అన్నం చల్లగా తిన్నది లేదు.

గట్టు మీద రొయ్యల చెరువుల వాళ్ల కార్లు, జీపులు కూడా వెళ్లేవి. వాటిలో మాది గుర్తుపట్టడం నాకు కష్టం కాదు. మా కారు డబడబల మధ్య టక్కు, టక్కు అని ఒక చిన్న చప్పుడు ఉండేది. చెక్క గరిటెతో కుండ అంచు మీద కొట్టినట్టు.

ఒకసారి ఆయనే అన్నారు, "ఇంజనులో టాపెట్ లూజైందే, బిగించుకురావాలి" అని.

"నడుస్తున్న బండికి ఖర్చెందుకండీ" అన్నాను.

అది అబద్ధం. ఆ టక్కు పోతే వచ్చేది మీరో కాదో నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కిందటి ఎండాకాలం నా కూతురి కూతురు వచ్చింది. గుడివాడలో ఇంజనీరింగ్ చదివి విజయవాడలో ఉద్యోగం చేస్తోంది. వచ్చీ రాగానే పాకలోకి వెళ్లి, కారు బానెట్ ఎత్తి చూసి, చేతులు నల్లగా చేసుకుని వచ్చింది.

"అమ్మమ్మా, తాతయ్య కారుని ప్రాజెక్ట్ కారు చేస్తా."

"చదువైపోయిందిగా, ఇంకా ప్రాజెక్టులేంటే?"

"అది కాదు. పాత కారుని నెమ్మదిగా, ఒక్కొక్కటీ మనకి కావాల్సినట్టు కట్టుకోవడం."

"మరమ్మతు అనవే. అర్థమవుతుంది."

ఫోనులో పెద్ద పట్టీ రాసుకొచ్చింది. అంతా ఇంగ్లీషు. నాది మూడో తరగతి చదువు, అందుకని పిల్లే చదివి చెప్పింది. మొదటి మాటే, ఈ ఇంజను తీసేసి వేరే కారు పెట్రోలు ఇంజను పెట్టడం.

"అసలు చప్పుడే ఉండదు అమ్మమ్మా. లోపల కూర్చుంటే ఆన్‌లో ఉందో లేదో కూడా తెలీదు."

"ఉందో లేదో తెలీని దానికి అంత డబ్బెందుకే? విప్పి చూడకుండా నా ఇంట్లోంచి ఏదీ బయట పారేయను. ముందు విప్పించు."

ట్రాక్టరుకి కట్టి బందరు తీసుకెళ్లాం. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ కారు చూసిన మేస్త్రీ అక్కడే ఉన్నారు. ముసలి సాయిబు గారు, ఇప్పుడు కళ్లద్దాలు లేకుండా స్పానర్ నంబరు కనపడదు. ఇంజనుకి పైన మూతలా ఉండే హెడ్డు విప్పి, బల్ల మీద బోర్లించి, వేలితో తడిమి చూశారు.

"అమ్మగారూ, మీవారు దీంట్లో కాలవ నీళ్లు తప్ప పోసేవారు కాదు కదండీ?"

పోసేవారు కాదు. మా వైపు బోరు నీళ్లు ఉప్పు. కాలవ నీళ్లు బిందెలో పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపి, తేరుకున్నాక పాత పంచె గుడ్డలో వడకట్టేదాన్ని. అందులో ఒక బిందె మాకు, ఒక డబ్బా కారు రేడియేటరుకి. "మా అమ్మకి కూడా ఇంత మర్యాద చేశావుటే" అని ఆయన ఎగతాళి చేసేవారు.

ఆయన పోయాక రేడియేటరు ఎండిపోకూడదని నేనే నీళ్లు పోస్తూ వచ్చాను. ఎండాకాలం కాలవలు కట్టేస్తే మంచినీళ్లు మనుషులకే చాలవు. కదలని కారుకి ఏ నీళ్లయితేనేం అని బోరు నీళ్లు పోశాను. తగ్గినప్పుడల్లా పోశాను. ఎండకి ఆవిరవుతున్నాయనుకున్నాను గానీ, ఇంజను లోపలికి కారుతున్నాయని అనుకోలేదు.

ఉన్నదున్నట్టు చెప్పాను. మేస్త్రీ హెడ్డు నా వైపు తిప్పారు. నీళ్లు పారే దారుల్లో తెల్లటి ఉప్పు, ఎర్రటి తుప్పు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఒకచోట ఇనుము పెంకులా రాలి బెజ్జం పడింది.

"ఇది పోయిందండీ. కింద సిలిండర్లుండే బ్లాకు మాత్రం గట్టిదే, తుప్పు గోకితే పోద్ది. నాలుగు సిలిండర్లలో ఒకదాంట్లోకి నీళ్లు దిగాయి."

మనవరాలు ఆశగా చూసింది. "అయితే వేరే ఇంజను పెట్టేద్దామా?"

"పట్టీ తియ్యి" అన్నాను. "ఒక్కొక్కటీ చదువు. అది చేయించకపోతే ఏమవుద్దో మేస్త్రీ గారు చెప్తారు. బండి ఆగుద్దంటే చేయిద్దాం. అందం తగ్గుద్దంటే వద్దు."

అలా కూర్చున్నాం. తుప్పు పట్టిన సిలిండరులో కొత్త గొట్టంలా స్లీవు వేసి, నాలుగింటికీ లోపల నున్నగా బోరింగ్ కొట్టించకపోతే? ఇంజను పట్టేస్తుంది. సరే. ఇంజనులో తిరిగే క్రాంకు ఇరుసుకి సాన పట్టించకపోతే? "కొలిచానండీ, అరగలేదు. ముట్టుకోవద్దు." సరే, ముట్టుకోం. వేగం పెంచే టర్బో పెట్టకపోతే? మేస్త్రీ నవ్వారు. "ఏం కాదండీ. గట్టు మీద గేదెల్ని దాటడానికి టర్బో ఎందుకు?" మనవరాలి మొహం ఎర్రబడింది. మెరిసే పైపులు, ఇంజనుకి రంగు, రెండూ పట్టీలోంచి తీసేశాం.

క్లచ్ ప్లేటు దగ్గర మాత్రం మనవరాలు వదల్లేదు. "ఇంకో ఏడాది వస్తుంది, నిజమే. కానీ అది మార్చాలంటే మళ్లీ ఇంజను దించాలి. ఇప్పుడు ఎలాగూ దించాం. పాక మీద ఆకు తీసినప్పుడే పుచ్చిన వాసం కూడా మార్పిస్తావుగా అమ్మమ్మా?"

నిజమే. మారుస్తాను. క్లచ్చు ఒప్పుకున్నాను, ఆయిలు కారకుండా వేసే సీళ్లు ఒప్పుకున్నాను. ఈ పిల్లకి బుద్ధి ఉందని లోపల అనుకున్నాను, పైకి అనలేదు.

అంతా అయ్యాక, అడగాల్సింది అడిగాను. "మేస్త్రీ గారూ, ఆ టక్కు చప్పుడు ఎక్కణ్ణించి వచ్చేది?"

"హెడ్డు మీంచేనండీ. టాపెట్ గ్యాపు. బిగిస్తానని ఎన్నిసార్లు అన్నానో! మీవారు చెయ్యి పట్టుకుని ఆపేవారు. 'బిగిస్తే మా ఇంట్లో అన్నం ఆలస్యమైపోద్ది సాయిబూ' అనేవారు. జోకనుకుని నవ్వేవాణ్ణి. ఏంటండీ ఆ మాట?"

నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను, చేతులకి ఏమీ అంటకపోయినా.

బ్లాకుని గుడివాడలో లేతు వర్క్స్‌కి పంపారు. పాత సామాన్ల కొట్లో మంచి హెడ్డు కూడా అక్కడే దొరికింది. నెల దాటాక కబురొస్తే బందరు వెళ్లాను. మేస్త్రీ స్టార్ట్ చేశారు. మొదట్లో తెల్లటి పొగ వచ్చి తేటపడింది. ఇంజను మెత్తగా, ఒకే తీరుగా నడిచింది. మనవరాలు గెంతులేసింది. నేను కళ్లు మూసుకుని విన్నాను. ఎవరిదో కారు. గట్టు మీద వెళ్తే నేను పొయ్యి దగ్గర్నించి లేవను కూడా లేవను.

"బాలేదా అమ్మమ్మా?"

"బాగుంది. బాగానే ఉంది."

మేస్త్రీని పక్కకి పిలిచాను. "ఆ చప్పుడు మళ్లీ వస్తుందా?"

ఆయన కళ్లద్దాలు తీసి చూశారు. అప్పుడు అర్థమైనట్టుంది, అన్నం మాట. "ఒక టాపెట్ కాస్త వదిలితే వస్తుందండీ. కానీ అలాగే తిప్పితే ఇంత చేసిందీ అరిగిపోద్ది."

"మా ఇంటిదాకా వస్తే?"

"అంత మాత్రానికి ఏం కాదు."

"అయితే వదలండి. మీరు కూడా సాయంత్రం అమ్మాయితో కార్లో రండి, స్పానర్ తెచ్చుకోండి. నేను బస్సులో ముందెళ్తాను."

"మన కారు ఉండగా బస్సేంటి?" అని మనవరాలు గోల పెట్టింది. కార్లో కూర్చుంటే లాకుల దగ్గర చప్పుడు ఎలా వినపడుతుంది? చెప్పకుండా బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, దారంతా ఒక్కొక్క ఊరూ లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి గ్యాసు ముట్టించలేదు. పెరట్లో పొయ్యి ఊడ్చి, పుల్లలు పేర్చి, ఎసరు పెట్టాను. కాగాక పుల్లలు వెనక్కి లాగి కూర్చున్నాను. ఒక జీపు వెళ్లింది. ఒక వ్యాను వెళ్లింది. ఎండ పాక మీదికి వాలింది.

అప్పుడు లాకుల వైపు నించి వచ్చింది. డబడబల మధ్య, టక్కు. మళ్లీ టక్కు. నా చేతులు నన్ను అడగలేదు. పుల్లలు ముందుకి తోశాయి, బియ్యం పోశాయి. గతుకు దగ్గర చప్పుడు తగ్గింది, మళ్లీ ఎత్తుకుంది. మలుపు తిరిగింది. ఆయన కాళ్లకని చెంబు నింపి గడప దగ్గర పెట్టాను.

కారు ఆగింది. మనవరాలు దిగింది, అటువైపు నించి మేస్త్రీ దిగారు. కారు తలుపులు రెండూ మూసేశారు.

గంజి వార్చి చూస్తే అన్నం ఇద్దరికే ఉంది. ఆయనకీ నాకూ పోసే ఎప్పటి కొలతే పోశాను. వాళ్లిద్దరికీ పెట్టాను. పొగలు కక్కుతున్న అన్నం చూసి, "కరెక్టుగా వచ్చే టైముకి ఎలా వండావు?" అని మనవరాలు ఆశ్చర్యపోయింది. మేస్త్రీ తలెత్తకుండా తిన్నారు.

చేతులు కడుక్కున్నాక మేస్త్రీతో అన్నాను. "ఇంక ఆ టాపెట్ బిగించెయ్యండి."

"ఒక్కరోజు ఉండనివ్వండి అమ్మగారూ."

"వద్దు. అరుగుద్ది."

మేస్త్రీ స్పానర్ తీసుకుని కారు దగ్గరికి వెళ్లారు. నేను పొయ్యిలో కాలకుండా మిగిలిన పుల్లల మీద నీళ్లు చిలకరించి, రేపటికి పక్కన పెట్టాను.