నడిచి చూపించమన్న బడి

అనంతమ్మ నోటికి ఊరంతా జడిసేది. ఆమె కొంగు తిప్పి నడుముకు చెక్కిందంటే ఎవరికో మూడిందని అర్థం. ఆడమనిషికి అంత కోపం పనికిరాదని చెప్పినవాళ్ళే గాని, ఆ కోపం ఎందుకొచ్చిందని అడిగిన నాథుడు లేడు. అడిగి ఉంటే తెలిసేది, అందులో తొంభై పాళ్ళు న్యాయమేనని.

జహీరాబాద్‌కు మూడు మైళ్ళ అవతల, మొగుడంపల్లి పోయే బాట పక్కన ఆమెకు నాలుగెకరాల చెలక, ఒక గుడిసె, ఒక ఆడగుర్రం ఉండేవి. ఆమె తండ్రి న్యాల్‌కల్ దిక్కు ఒక జాగీర్దారు గుర్రపుసాలలో సాయీసు. గుర్రాలకు మేత వేయడం, మాలిష్ చేయడం, కుంటిపడ్డవాటిని మళ్ళీ నడిపించడం ఆయన పని. జాగీర్లు రద్దయిన ఏడాది సాల ఖాళీ చేస్తూ, ఎవరూ కొనని ఒక బక్క గుర్రపుపిల్లను ఆయన చేతిలో పెట్టి పొమ్మన్నారు. ముప్పై ఏళ్ళ చాకిరీకి దక్కింది అదొక్కటే. దానికి చంద్రి అని పేరు పెట్టుకున్నాడు. ఆయన పోయాక చంద్రి కూతురి దగ్గరికి చేరింది. తరువాత రెండేళ్ళకు అనంతమ్మ పెనిమిటి కూడా పోయాడు. పొలం నుంచి చొప్ప మోయడానికీ, సంతకు గింజలు చేరవేయడానికీ ఆ గుర్రమే ఆమెకు మగదిక్కయింది. గుర్రమెక్కే ఆడది అని నవ్వినవాళ్ళంతా ఆ గుర్రం మీదే తమ మూటలు కూడా వేసి పంపేవారు.

1958 వానాకాలంలో ఆమె కూతురు బస్వమ్మకు జ్వరం వచ్చింది. అప్పటికి పిల్లకు ఐదేళ్ళు. నాలుగో రోజుకు జ్వరమైతే పోయింది గాని, పోతూ పోతూ కుడికాలి సత్తువ పట్టుకుపోయింది. కూర్చోబెడితే నడుము నిలిచేది కాదు. వసపిట్టలా వాగే పిల్ల మాటే మానేసింది. దవాఖానలో డాక్టరు చూసి, కాలు ఊరికే ఉంచొద్దు, కదిలిస్తూ ఉండమన్నాడు. ఎట్లా కదిలించాలని అనంతమ్మ అడిగేలోపు తరువాతివాళ్ళను పిలిచారు.

ఊరికి తిరిగొచ్చేసరికి పెనిమిటి అన్న ఈరయ్య అరుగు మీద కూర్చుని తీర్పు సిద్ధం చేసి పెట్టాడు.

"ఇగ దాన్ని ఇంట్లనే కూసోబెట్టు. ఇంత గట్క పోసి సాదు. ఆడివిల్లనే గద, సదివేదుందా, ఊర్లేలేదుందా?"

"మొన్న నీ ఎద్దు కాలు బెణికితె నెల దినాలు నూనె రాసినవు గద బావా," అంది అనంతమ్మ. "గప్పుడు దాన్ని కూసోబెట్టి గట్క పొయ్యకపోయినవ్?"

ఈరయ్య కండువా దులుపుకుని లేచిపోయాడు. అనంతమ్మ మాత్రం ఆ రాత్రంతా నిద్రపోక అదే తలపోసింది. ఎద్దు మీద ఉన్నపాటి ఆశ పిల్ల మీద ఉండదా?

తెల్లవారి చంద్రి వీపు మీద గొంగడి మడత వేసి, పిల్లను ఎక్కించింది. కుంటిపడ్డ గుర్రాన్ని తండ్రి ఎన్నడూ పడుకోనివ్వకపోవడం ఆమె చిన్నప్పటి నుంచి చూసింది. మెత్తటి దుక్కిలో కొంచెం కొంచెంగా నడిపించేవాడు. పిల్లకు నడక లేదు, సరే, గుర్రానికి ఉందిగా! చంద్రి అడుగేసినప్పుడల్లా పిల్ల నడుము అటూ ఇటూ ఊగింది, నడిచే మనిషి నడుము ఊగినట్టే. మొదటి రోజు పిల్ల పక్కకు వాలిపోతే అనంతమ్మ భుజం ఆనించి నడిచింది. రెండు నెలలకు ఆ భుజం అవసరం లేకపోయింది. గుర్రాన్ని తోమే ఇనుప దువ్వెన, ఖరారా, చేతికిచ్చి ఒళ్ళు రుద్దమనేది. పిల్ల గుర్రం కడుపుకు ఆనుకుని నిలబడి, దుమ్ము రాలేదాకా రుద్దేది. ఒకనాడు చంద్రి కంది మొక్కల్లోకి మూతి పెడితే, "ఏయ్, తినకు! అమ్మ కొడ్తది!" అని కేకేసింది. నాలుగు నెలల తరువాత పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది. అనంతమ్మ కలుపు మధ్యలోనే కూలబడి ఏడ్చింది.

జొన్న కోతలయ్యాక కల్లం వేశారు. మధ్యలో గుంజ పాతి, పశువులను దాని చుట్టూ వరసగా కట్టి కంకుల మీద తిప్పుతారు. దాన్ని బంతి అంటారు. అనంతమ్మ ఎద్దుల చివర చంద్రిని కట్టి, దాని మీద బస్వమ్మను కూర్చోబెట్టి తోలమంది. ఈరయ్య ఉరికొచ్చాడు.

"అవిటిపిల్లను కల్లంలకు తెస్తవా? గింజ పొలి పోతది, రాశి కలిసిరాదు!"

"దాని కాలు కల్లంల పడలే గద, గుర్రం కాలే పడ్డది. సరే, దింపుత. పొద్దుమీకేదాక బంతి నువ్వు తోలు మరి."

ఎండ నడినెత్తిన ఉంది. ఈరయ్య ఎండనొకసారి, వదులైన తన మోకాళ్ళనొకసారి చూసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ ఏడు గింజ నిరుటికన్నా ఎక్కువే పడింది. అనంతమ్మ కుంచంతో కొలిచి పోస్తుంటే, పిల్ల గుర్రం మీద నుంచే లెక్కపెట్టింది. కల్లంలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ధాన్యం ముందు నోటి నుంచి మంచిమాటే రావాలని ఆచారం. లాభం, రెండు, మూడు అంటూ పిల్ల నూరు దాకా వచ్చింది. ఇంటికెన్ని, విత్తనానికెన్ని, కూలివాళ్ళకెన్ని అంటే తడుముకోకుండా చెప్పింది. చదువు అంటే ఇంకేమిటో అనంతమ్మకు తెలియదు. ఈ పిల్లను బడిలో వేయాలని మాత్రం ఆనాడే గట్టిగా అనుకుంది.

పిల్లకు ఏడేళ్ళొచ్చాక, 1960 జూన్‌లో గుర్రం మీద జహీరాబాద్ బడికి తీసుకెళ్ళింది. ఆ బడికి హెడ్మాస్టరు మదన్‌మోహన్ సారు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. గుమ్మం ముందు గుర్రం ఆగేసరికే మొహం చిట్లించాడు. తల్లి చంకలో ఉన్న పిల్లను చూసి, అంకెలు లెక్కపెట్టమన్నాడు.

"లాభం, రెండు, మూడు..."

గదిలోని పిల్లలంతా గొల్లున నవ్వారు. సారు కూడా నవ్వాడు.

"ఒకటి గూడ రాదు. కాళ్ళు లేవు, బుద్ధి గూడ లేదు. యాడికెల్లి పట్టుకొచ్చినవమ్మా?"

"కల్లంల గట్లనే అంటరు సారూ. ఇంకేదన్న అడుగుండ్రి, చెప్తది."

"ఇది బడి, కల్లం గాదు. ఇంకో మాట విను. ఈడ మోసెటోళ్ళెవ్వరు లేరు. నీ బిడ్డ నా గుమ్మం దాటి తన కాళ్ళతోని నడిచొచ్చిన నాడు పేరు రాసుకుంట. పో."

ఆ సారు పొద్దున తిన్న జొన్నరొట్టె కూడా ఏదో కల్లంలో లాభం, రెండు అని కొలిచిన గింజే. లెక్క రాదని నవ్విన ఆయనకు, కల్లం లెక్క తనకు రాదన్న సిగ్గు లేదు. అనంతమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. కాని పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు బిగించి, "అమ్మా, పోదాం" అంది. పోయారు.

ఆ వానాకాలమంతా ఆ తల్లీబిడ్డలు పడ్డ పాట్లు పగవాళ్ళకు వద్దు. పిల్ల చంద్రి జూలు ఒక చేత, కర్ర ఒక చేత పట్టుకుని దుక్కిలో నడిచేది. పడితే గుర్రం ఆగి, లేచేదాకా కదిలేది కాదు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. కుడికాలు లావెక్కలేదు, ఎన్నడూ లావెక్కదు కూడా. కాని ఎడమకాలూ, నడుమూ కలిసి దాన్ని ఈడ్చుకుపోవడం నేర్చుకున్నాయి. ఏడుస్తూ నడిచే బిడ్డను చూసి అనంతమ్మ సారును నోటికొచ్చినట్టు తిట్టేది. మరునిమిషమే "ఇంకో నాలుగడుగులు బిడ్డా" అని బతిమాలేది. ఆ సారు షరతు కోసం బిడ్డను ఏడిపిస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

దసరా సెలవులు అయిపోయిన మరునాడు చంద్రి మళ్ళీ బడి ముందు ఆగింది. బస్వమ్మ దిగింది. కర్ర ఊతంతో గుమ్మం దాటింది. ఒకసారి తూలితే ముందు వరసలోని పిల్ల లేవబోయింది. బస్వమ్మ వద్దని తల ఊపింది. బల్ల దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని నిలబడింది. ఈసారి గదిలో ఎవరూ నవ్వలేదు.

మదన్‌మోహన్ సారు కలం తీసుకున్నాడు. తరువాత రిజిస్టరు తెరిచి, పక్కనున్న పంతుళ్ళకు వినబడేలా అన్నాడు.

"చూసినవా అనంతమ్మా? నేను షరతు పెట్టిన గాబట్టే నీ బిడ్డ నడిచింది. మాస్టరన్నంక జర గట్టిగుండాలె."

పంతుళ్ళు తలలూపారు. అనంతమ్మ అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె కొంగు ముట్టుకోలేదు. గదిలో బాసింపట్లు వేసుకుని కూర్చున్న పిల్లలందరినీ ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"వీళ్ళల్ల ఒక్కలనన్న నడిచి చూపియ్యుమన్నరా సారూ?"

సారు కలం ఆగింది.

"నా బిడ్డకు గుర్రముండె, నడిచింది. గుర్రం లేనోళ్ళ బిడ్డ, ఎన్నటికి నడవలేని బిడ్డ, రేపు ఈ గుమ్మం కాడికొస్తె ఏం జేస్తరు? గది చెప్పుండ్రి. చెప్పినంకనే దీని పేరు రాయుండ్రి."

సారు పంతుళ్ళ వైపు చూశాడు. అనంతమ్మ తెరిచిన రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టి, జవాబు చెప్పేదాకా తియ్యనన్నట్టు నిలబడింది.