అత్త కంట్లో పడ్డ మట్టి

నేను ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లో మా మేనత్త మాతోనే ఉండేది. పాలమూరు నుంచి పని కోసం వచ్చి, బొంబాయి కమాఠీపురాలో, వరుస గదుల చాల్‌లోని మా గదిలోనే ఓ మూల చాప వేసుకునేది. పొద్దున్నే గ్రాంట్ రోడ్‌లో రైలెక్కి దాదర్ అవతల బిల్డింగు పనికి పోయేది. ఎనభైల చివరి సంవత్సరాలవి.

ఆ వానాకాలం పునాది తవ్వుతుంటే బురద ఎగిరి ఆమె కుడి కంట్లో పడింది. కొంగుతో గట్టిగా నలుపుకుని, అక్కడే డ్రమ్ములో నిలవున్న నీళ్ళతో కడుక్కుంది. కొద్ది రోజులకే కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేక గోడవైపు తిరిగి కూర్చునేది.

"లోపట సూదులు గుచ్చినట్టయితుంది బిడ్డా," అనేది.

పెద్ద దవాఖానలో కంటి డాక్టరు చూసి, వైరస్ వల్ల వచ్చిన పుండనుకుని చుక్కల మందు ఇచ్చాడు. వారాలు గడిచినా తగ్గలేదు. నల్లగుడ్డు మీద ఉంగరంలాగా తెల్లటి మచ్చ తేలింది.

అప్పుడే మా క్లాసులో, నేలలో స్వేచ్ఛగా బతికే అమీబాల పాఠం జరుగుతోంది. వాటిలో ఒక రకం, కంటి మీద చిన్న గీత పడినా చాలు, లోపలికి దూరుతుందని మేడం చెప్పారు. ఆ తర్వాత చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. అత్త పనిచేసిన చోటికి వెళ్ళి, పునాది గుంట అంచు నుంచి చిటికెడు మట్టి సీసాలో తెచ్చాను.

కాలేజీ ల్యాబులో, గాజు పళ్ళెంలో జెల్లీలా గట్టిపడిన అగర్ మీద బాక్టీరియాను పలచగా పూసి, మధ్యలో ఆ మట్టి పెట్టాను. అమీబాలుంటే బాక్టీరియాను తింటూ బయటికి పాకుతాయి, పాకిన మేర దారులు పడతాయి. రోజూ మైక్రోస్కోపు కింద పెట్టి చూసేదాన్ని. దారులు పడ్డాయి. అమీబాలు ఒళ్ళంతా ముళ్ళలాంటి సన్నటి కొసలతో, చాలా నెమ్మదిగా కదులుతున్నాయి. తిండి అయిపోయాక అవే ముడుచుకుని చుట్టూ రెండు గోడలు కట్టుకున్నాయి. పై గోడ ముడతలు ముడతలుగా, లోపలిది నక్షత్రంలా కోణాలు తేలి ఉంది.

మేడం చూసి, "అకాంథమీబా. క్లాసులో చెప్పిన రకం ఇదే," అన్నారు.

ఆమె నాతో దవాఖానకు వచ్చి మాట్లాడారు. డాక్టరు కాదనలేదు. అత్త కంటి పుండు నుంచి కాస్త గీకి ఇచ్చాడు. దాన్నీ పళ్ళెంలో పెడితే అదే జీవి పెరిగింది. ఆ పళ్ళెం పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

డాక్టరు దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. "మీరు చెప్పింది నిజమే," అన్నాడు హిందీలో. "కానీ నేనేం మందివ్వను? విదేశాల్లో ఏవో చుక్కలు వాడి చూస్తున్నారట. మన దగ్గర దొరకవు."

"తెప్పించలేమా సార్?"

"అవి వచ్చేదాకా ఈ కన్ను ఆగదమ్మా."

బయట బెంచీ మీద అత్త ఎదురుచూస్తోంది. "పురుగు దొరికిందా?"

"దొరికిందత్తా."

"అయితే సంపుతరా దాన్ని?"

ఇంటికి పోదాం లెమ్మని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత చాల్ నల్లా దగ్గరి మట్టి, మా తులసి కుండీలోది, నాగ్‌పాడా రోడ్డు పక్కది, అన్నీ తెచ్చి పళ్ళాల్లో పెట్టాను. ఇంచుమించు అన్నిట్లోనూ అవి కనిపించాయి. అవి ఎక్కడైనా ఉంటాయనీ, ఎప్పుడో ఎవరికో తప్ప ఏమీ చెయ్యవనీ మేడం అన్నారు.

"అందరం గా బురదలనే ఉంటిమి గద, నాకే ఎందుకయింది బిడ్డా?" అని అత్త అడిగింది.

"నాకెరుక లేదత్తా."

"గంత సదివినవ్, గిది తెల్వదా?"

ఎగతాళి కాదది. నిజంగానే అడిగింది.

నొప్పి ఓర్చుకోలేక చివరికి తనే కన్ను తీసెయ్యమంది. తీసేశారు. గాయం మానగానే మళ్ళీ పనికి పోయింది. ఒంటికన్నుతో ఎత్తుపల్లం తెలియక తట్టలు జారవిడుస్తుంటే, మేస్త్రీ ఆమెను ఇసుక జల్లించడానికి పెట్టాడు. పొద్దున రైలెక్కించడానికి నేనూ వెంట వెళ్ళేదాన్ని, స్టేషను మెట్లు దిగేటప్పుడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది.

"అయిపోయినయా మెట్లు?"

"ఇంకున్నయత్తా," అనేదాన్ని.