పాఠంలో నేను చంపిన తల్లి

నేనొక తల్లిని చంపాను. కంగారు పడకండి, కాగితం మీదే. కాకపోతే ఆ కాగితాలు నలభై మంది పిల్లల చేతుల్లో ఉండటంతో హత్య నలభైసార్లు జరిగింది.

అప్పుడు నేను భద్రాచలం దగ్గర ఒక అడవి ఊళ్లో కొత్త లెక్కల మాస్టారిని. తెలుగు టీచరు కాన్పుకు వెళ్లడంతో తొమ్మిదో తరగతి తెలుగు కూడా నా నెత్తిన పడింది. మాది వైరా. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాం. నేను చదివిందంతా విజయవాడ హాస్టళ్లలో. మా ఇంట్లో అవ్వ అంటే పళ్లూడిన ముసలావిడే.

పాఠంలో ఒక కుర్రాడు పనికోసం ఊరు విడిచిపోతుంటాడు. అవ్వ సద్ది కట్టి ఇచ్చి, పొలిమేర దాకా వస్తుంది. అంతే కథ. పాత్రల మధ్య సంబంధాలు వివరించమని చివర ప్రశ్న. బోర్డు మీద త్రిభుజం గీశాను. ఒక మూల కుర్రాడు, ఒక మూల అవ్వ. మూడో మూల తల్లి ఉండాలి కదా, కథంతా వెతికినా లేదు. కాబట్టి చనిపోయింది. లెక్క తేలిపోయింది. ఆ తల్లిలేని బిడ్డ గురించి చెబుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. పిల్లలు నావైపు జాలిగా చూస్తుంటే, ఆహా, పాఠం ఎంత బాగా ఎక్కిందో అనుకున్నాను.

పరీక్షలో నలభై మంది ఆమెను బుద్ధిగా చంపేశారు. భవాని అనే పిల్ల ఒక్కతే "తల్లి ఉన్నది. సద్ది కట్టింది ఆమెనే" అని రాసింది. ఎర్రసిరాతో సున్నా చుట్టి, ఇంట్లోవాళ్లను తీసుకురమ్మన్నాను.

"మా అవ్వను తోల్కొస్త సార్."

"పెద్దావిడను ఎందుకమ్మా తిప్పడం? మీ అమ్మను రమ్మను."

"అవ్వనే సార్. ఇంట్ల ఆమెనే ఉంటది."

నాకు జ్ఞానోదయమైంది. పాపం, తనకు తల్లి లేదు కనకే కథలో తల్లిని బతికించుకుంది! క్లాసందరి ముందూ తల నిమిరి, తల్లి లేని లోటు మేం తీరుస్తామని ఓదార్చాను. ఆ పిల్ల సంచీ తీసుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు బడికి రాలేదు.

మూడో రోజు, ముసలావిడ వస్తుందని వరండాలో కుర్చీ కూడా వేయించాను. ముప్పై అయిదేళ్ల మనిషి మిర్చితోట పని మానుకుని వచ్చింది. వెనకాల భవాని. మీరు పిన్నిగారా అని వినయంగా అడిగాను.

"కన్నదాన్ని సార్. నేను లేనని బళ్లె చెప్పిన్రంట. బతికున్న అవ్వను సచ్చిపోయిందని రాయాల్నా అని పిల్ల రెండు దినాల సంది ఏడుస్తున్నది. గట్లనే రాయాల్నంటే చెప్పున్రి, ఇంట్లనే ఉంచుకుంట."

ఇలాంటప్పుడు భూమి చీలాలి. చీలలేదు. సిగ్గుతో చచ్చిపోయి ఇద్దరినీ క్షమించమన్నాను. భవానికి పదికి పది వేసి, క్లాసులోకి వెళ్లి మిగతావాళ్లను అడిగాను, మీ ఇళ్లలోనూ అవ్వంటే అమ్మేనా అని. అవ్ సార్ అన్నారు. మరి తెలిసి తెలిసి అలా ఎందుకు రాశారు?

"బుక్కుల అవ్వ వేరేమో అనుకున్నం సార్."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్లన్నీ నావే. అందుకే నల్లబల్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కథలో తల్లి కనబడకపోయినా, చంపేముందు ఆ ఊళ్లో ఆమెను ఏమని పిలుస్తారో పిల్లల్ని అడుగుతాను.