బాబాయికి చెప్పిన అబద్ధం

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మలికిపురం దగ్గర మా ఊళ్ళో ఒక తెల్ల డాక్టరమ్మగారు ఉండేవారు. ఆవిడ యూదులావిడ. పడుచుతనంలో మిషన్ ఆసుపత్రికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. మాలాగే "ఆయ్" అంటూ మాట్లాడేవారు. శుక్రవారం సాయంత్రాలు వాళ్ళ మతాచారం ప్రకారం రెండు కొవ్వొత్తులు వెలిగించుకునేవారు. సెలవుల్లో నేను ఆవిడ దగ్గర ఇంగ్లీషు చెప్పించుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం సెంటర్లో దళితపేటవాళ్ళకీ మా కులంవాళ్ళకీ గొడవైంది. నేను వసారాలో పాఠం రాసుకుంటుంటే, పేటలో ఉండే, కొబ్బరికాయలు దింపే కార్మికుడు కూతురి చెయ్యి పట్టుకుని పెరటి దారిన పరుగెత్తుకొచ్చాడు. ఆ పిల్ల బళ్ళో నా పక్కనే కూర్చునేది. డాక్టరమ్మగారు ఏమీ అడగలేదు. ఇద్దర్నీ కొబ్బరికాయల గదిలోకి పంపి తలుపు వేసేశారు.

తర్వాత నా పక్కన కూర్చుని తన ఊరి సంగతి చెప్పారు. వాళ్ళ నాన్నగారిది రొట్టెల దుకాణం. శనివారం వాళ్ళకి విశ్రాంతి రోజని దుకాణం మూసేసి అందరూ కలిసి భోంచేసేవారట. రెండో ప్రపంచయుద్ధంలో పరాయి సైన్యం ఊరిని పట్టుకుంది. ముందు యూదుల పిల్లల్ని బడి మాన్పించారు. తర్వాత యూదులని తెలిసేలా బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోమన్నారు. చివరికి వీధులకి వీధులు ఖాళీ చేయించి రైళ్ళెక్కించారు. అమ్మానాన్నలు తిరిగి రాలేదు. ఈవిణ్ణి పక్కింటివాళ్ళు అటక మీద దాచారు. సైనికులు ఆ ఇంటి చిన్నపిల్లని బుజ్జగించి అడిగితే, పైన ఎవరూ లేరందట.

"ఆ పిల్ల లేరని చెప్పబట్టే నేనున్నానమ్మా. నీకు భయమైతే లోపలికెళ్ళు, ఎవరైనా వస్తే నేను మాట్లాడతాను," అన్నారు.

నేను లేవబోతుంటేనే గేటు చప్పుడైంది. పదిమంది దాకా ఉన్నారు. ముందు కర్ర పట్టుకుని మా బాబాయి! ఆవిణ్ణి కాదు, నన్నే అడిగాడు.

"ఏమ్మా, ఇటెవరైనా వచ్చేరా?"

"ఎవరూ రాలేదు బాబాయ్."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బాబాయి నన్ను చూశాడు, మూసిన తలుపుని చూశాడు. "పిల్ల చెబుతోందిగా, పదండి," అని వెనక్కి తిరిగాడు. తెలిసే వెళ్ళాడేమో! ఆయన చనిపోయేదాకా బాబాయీ నేనూ ఆ మాట ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళాక డాక్టరమ్మగారు మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయారు. సగం నీళ్ళు ఒలికిపోయాయి. గ్లాసు నేనే పట్టుకుని తాగించాను. సాయంత్రం పోలీసులొచ్చాక తండ్రీకూతుళ్ళని రాజోలులో చుట్టాలింటికి పంపించారు.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. నాకిప్పటికీ భయమే. కానీ ఎవరైనా ఆపదలో మా గుమ్మం ఎక్కితే, ఏ ఊరు, ఎవరి మనుషులని అడగను. ముందు లోపలికి రమ్మంటాను.