‘వెయిట్’ అనే మాట, మా అమ్మ మంచె

ఇంగ్లీషులో ‘వెయిట్’ అనే మాట నాకు చిన్నప్పుడే వచ్చు. దాని పుట్టుక మాత్రం దేవరకొండ బడిలో పంతులమ్మనయ్యాక ఒక పాత నిఘంటువులో చదివాను. మొదట్లో ఆ మాటకు ఎదురుచూడటం అనే అర్థమే లేదట. కావలి కాయడం, శత్రువు జాడ కనిపెట్టి ఉండటం అని అర్థమట. ఎదురుచూపు తర్వాతెప్పుడో వచ్చి చేరింది. పుస్తకం మూసి, పిల్లల ముందే ఏడ్చాను.

మా బాపు నిజాం మీద పోరాడే సంఘంలో చేరి గుట్టల్లో తలదాచుకున్న రోజుల్లో, జొన్నచేలో మంచె మీద కావలి మా అమ్మదే. రజాకార్లు వస్తుంటే వడిసెల తిప్పి, పిట్టలను తోలుతున్నట్టు కేకలు పెట్టేది. కేక వినబడితే బాపు గుట్ట దిగడు. అమ్మ నోరు మూసుకుని కూర్చుంటే దిగొచ్చి రొట్టె తిని పోతాడు. ఆయన వచ్చే పూట పిట్టలు కంకుల మీద వాలి ఇష్టమొచ్చినట్టు తినేవి. నేను అదిలించబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది.

పోలీసు చర్య జరిగింది. రజాకార్ల పీడ విరగడైందని ఊరంతా సంబరపడింది. ఆ తర్వాత, బాపు వస్తానన్న ఒక పొద్దున, మిలిటరీ లారీలు మా చేను దిక్కు వచ్చాయి. అమ్మ చూసింది. మనల్ని కాపాడినవాళ్లే కదా అనుకుంది. వాళ్లు సంఘపోళ్ల కోసం కూడా వెతుకుతున్నారని ఆమెకెవరు చెప్పారు? వడిసెల ఒళ్లోనే ఉంది, కేక వెయ్యలేదు. బాపు నిశ్చింతగా గుట్ట దిగాడు. ఆయన రుమాలుతోనే ఆయన చేతులు కట్టి లారీ ఎక్కించారు. మళ్లీ రాలేదు. చనిపోయాడని కూడా ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి ఏటేటా జొన్న కంకి పాలు పోసుకునే వేళకు అమ్మ మంచె ఎక్కేది. కేక మాత్రం వేసేది కాదు. పిట్టలు చేనంతా ఊడ్చిపెట్టేవి. ఆమెకు మతి తప్పిందని ఊళ్లోవాళ్లు అంటుంటే నాకు ఒళ్లు మండేది. వాళ్లకు పోయిన గింజలే కనిపించాయి.

నిఘంటువు చదివిన వారమే ఊరికి పోయి, మంచె ఎక్కి, అమ్మ పక్కన కూర్చుని ఆ మాట సంగతంతా చెప్పాను. ఆమె గుట్ట దిక్కు చూసింది.

“కావలున్ననాడు కేకేసి ఒర్రకపోతి బిడ్డా. ఇప్పుడు ఒర్రితే మీ బాపు గుట్ట దిగకుండ ఆగిపోతడు,” అన్నది.

ఆ ఏడు కూడా మా జొన్నలు పిట్టలే తిన్నాయి.