గొర్రెల ముసలాయన బావి

సౌదీలో తాయిఫ్ దాటాక కొండల మీద బంగారు గని కోసం నీళ్లు వెతికే బోరు బండి మీద నా పని. ఎండు రాయిలో నెల్లాళ్లు తిప్పలు పడ్డాక ఒక లోయలో నీళ్లు పడ్డాయి. అబ్బ, ఎగిరి గంతేశాం! కానీ పక్కనే గొర్రెలు కాసే ముసలాయన బావి ఉంది. మా బోరు నడిస్తే అది ఎండుతుందా లేదా తేల్చాలి. ఎండేట్టయితే బోరు మూసేయాల్సిందే.

మూడు రోజులు మోటారు ఆపకూడదు. గంటగంటకూ బావిలోకి టేపు దించి నీటిమట్టం రాయడం నా డ్యూటీ. అన్నాళ్లూ ఎవరూ అందులో బొక్కెన వేయకూడదు, గొర్రెలకు మా ట్యాంకరే నీళ్లు పోస్తుంది. ముసలాయన ఒప్పుకున్నాడు.

రెండో రోజు టైరు పేలి ట్యాంకరు రాలేదు. మిట్టమధ్యాహ్నం గొర్రెలు ఖాళీ తొట్టి నాకుతున్నాయి. మాటిచ్చిన ముసలాయన బావి దిక్కు చూడనైనా లేదు. నా ప్రాణం ఊరుకుంటుందా? ఆయన "లా, లా" అని, వద్దంటూ అడ్డొస్తున్నా వినకుండా చేది పోశాను.

సాయంత్రం ఈ టెస్టు చూసే మా సార్ నేను రాసిన కాగితం చూసి గయ్యిమన్నాడు. ఆయనది కాకినాడ.

"ఏంటయ్యా ఇది, ఒక్కసారిగా ఇంత డ్రాపా?"

"నేనే చేదిన సార్, గొర్లకు."

"బుర్రుందా నీకు? ఇది బోరు వల్ల తగ్గిందో, నీ బొక్కెన వల్ల తగ్గిందో ఎలా చెప్పను?"

బావి కోలుకునేదాకా ఆగి, టెస్టు మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి తొట్టి నిండుగా ఉంది, బావిని ఎవరూ ముట్టలేదు. అయినా నీళ్లు కిందికే పోయాయి. మూడో రోజుకు అడుగున బురద కనిపించింది.

సార్ ఉన్నదున్నట్టు రాశాడు. బోరులో సిమెంటు పోసి మూసేశాం. నెల్లాళ్ల కష్టం మట్టిపాలని మావాళ్లు గొణిగారు. కొన్నాళ్లకు బావిలో నీళ్లు ఊరాయి. "ముష్కిల మాఫీ, బాబా" అని, ఇక ఇబ్బంది లేదని చెబితే ముసలాయన నా తల దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. ఇక్కడికి రాకముందు మా జగిత్యాల దిక్కు నేను ఎన్ని బోర్లు వేశానో! పక్క బావి ఏమైందని ఒక్కనాడూ తొంగిచూడలేదు. అలా ఎండిన వాటిలో మా మేనమామ బావి ఒకటి. ఆ ఏడు ఆయన వరి మొత్తం పోయింది. అప్పటినుంచి నేను ఆయన ముఖం చూడలేదు.

ఆ రోజే ఫోన్ చేశాను.

"మామా, నీ బాయెండింది నేనేసిన బోరుతోనే."

"నాకు గప్పుడే ఎరుక బిడ్డా. బాయి పోతే పోయింది. నువ్వెందుకు ఇంటికి రావుడు బంద్ చేసినవ్?"